బయటి వారికి మాత్రమే 500 దోషం: ఆఫీసులో పనిచేసే నమోదు స్క్రిప్టు ఫోన్లలో ఎందుకు విఫలమవుతోంది?

పుస్తకాల బీరువా:
అందరికీ నమస్కారం. మా పట్టణంలోని ఒక గ్రంథాలయ సంఘానికి స్వచ్ఛందంగా కంప్యూటర్ పనులు చూస్తుంటాను. వేసవి సెలవుల్లో పిల్లలకు జరిపే సైన్సు శిబిరానికి పేర్లు నమోదు చేసుకోవడానికి పీహెచ్‌పీలో రాసిన చిన్న స్క్రిప్టు ఒకటి ఉంది. చాలా ఏళ్ళ క్రితం అప్పటి కార్యకర్త ఎవరో రాసిపెట్టినది. ఇంతకాలం షేర్డ్ హోస్టింగులో నడిచింది. ఈసారి ఆ అద్దె దండగ అనుకొని, ఆఫీసులో ఖాళీగా ఉన్న కంప్యూటర్‌లో ఉబుంటు 22.04 వేసి, వెబ్ సర్వర్‌గా అపాచీ, పీహెచ్‌పీ, డేటాబేసుకు మైఎస్‌క్యూఎల్ అమర్చి, పాత ఫైళ్ళనూ డేటాబేసునూ అందులోకి మార్చాము.

ఆఫీసులో ఏ కంప్యూటర్ నుంచి చూసినా ఫారం తెరుచుకుంటుంది, వివరాలు నింపి పంపితే ‘మీ పేరు నమోదైంది’ అని వస్తుంది, పట్టికలో వరుస కూడా చేరుతుంది. బయటి నుంచి చూసేవారికి ఫారం బాగానే తెరుచుకుంటోంది కానీ, ‘పంపండి’ నొక్కగానే ఈ పేజీ పనిచేయడం లేదంటూ 500 అనే అంకె కనిపిస్తోంది. తల్లిదండ్రులు వరుసగా ఫోన్లు చేస్తున్నారు. ఫైర్‌వాల్ అడ్డుపడుతోందేమోనని అనుమానం. దాన్ని పూర్తిగా తీసేసి చూడమంటారా?

రాత్రి డ్యూటీ:
ఫైర్‌వాల్ జోలికి వెళ్ళకండి. మీరు చెప్పిన లక్షణాలకూ దానికీ సంబంధం లేదు.

బయటి వారికి పనిచేయడం లేదు అన్నప్పుడు వారికి ఏమి కనిపిస్తోందన్నదే మొదటి ఆధారం. బ్రౌజర్ చాలాసేపు తిరిగి తిరిగి ‘స్పందన లేదు’ అని ఆగిపోతే, దారిలో ఎవరో ప్యాకెట్లను చప్పుడు లేకుండా పారేస్తున్నారని అర్థం. అది ఫైర్‌వాల్ కావచ్చు, రౌటర్ కావచ్చు. వెంటనే ‘కనెక్షన్ నిరాకరించారు’ అని వస్తే, మీ యంత్రం వరకు చేరారు కానీ ఆ పోర్టులో వినేవాడు లేడు. 403 వస్తే అపాచీ స్వయంగా ‘నీకు అనుమతి లేదు’ అని చెప్పింది. 500 వస్తే మాత్రం అభ్యర్థన అన్నీ దాటుకొని మీ స్క్రిప్టు దాకా వెళ్ళి, స్క్రిప్టు మధ్యలో కూలిపోయింది. కూలినప్పుడు తన చివరి మాట ఎక్కడో రాసిపెట్టే ఉంటుంది. ఉబుంటులో అపాచీ లాగ్ ఫోల్డర్లో యాక్సెస్ లాగ్, ఎర్రర్ లాగ్ అని రెండు ఫైళ్ళుంటాయి. బయటి వ్యక్తి ఒకరిని ఫోన్లో పెట్టుకొని, ఆయన ‘పంపండి’ నొక్కిన క్షణంలో రెండింటి చివరి పంక్తులూ చూడండి. ఆ తరువాత మాట్లాడుకుందాం.

కృష్ణా తరంగం:
రాత్రి డ్యూటీ గారు చెప్పినది సరైనదే. అయినా ఇలాంటి ఫిర్యాదులో నేను తరచుగా చూసిన కారణాలు కొన్ని ఉన్నాయి. ఫారం తాలూకు హెచ్‌టీఎంఎల్‌లో ‘యాక్షన్’ దగ్గర లోకల్‌హోస్ట్ అనో 192.168తో మొదలయ్యే చిరునామానో రాసి ఉంటే, పేజీ అందరికీ తెరుచుకుంటుంది కానీ పంపిన వివరాలు మాత్రం చూసేవారి సొంత యంత్రానికో వారి ఇంటి రౌటర్ వెనక్కో పోతాయి. కొత్త యంత్రంలో తయారుచేసి చూసుకొనేటప్పుడు పెట్టి మరచిపోవడం చాలా మామూలు. ఇంకొకటి, అపాచీ అమరికలో ‘రిక్వైర్ లోకల్’ అనే పంక్తి ఉంటే ఆ యంత్రంలో కూర్చున్నవారికి తప్ప ఇతరులకు తలుపు తెరుచుకోదు. ఈ రెండూ చూసి చెప్పండి. అసలు మీ యంత్రం బయటి ప్రపంచానికి ఎలా కనిపిస్తోంది? రౌటర్‌లో పోర్ట్ ఫార్వార్డింగ్ (బయటి అభ్యర్థనలను ఈ యంత్రానికి పంపే ఏర్పాటు) పెట్టారా?

పుస్తకాల బీరువా:
ఫారంలో యాక్షన్ దగ్గర ఫైలు పేరు మాత్రమే ఉంది, చిరునామా ఏదీ లేదు. రిక్వైర్ లోకల్ అనేది ఒక ఫోల్డర్‌కు ఉంది. అది నమోదైన వారి జాబితా చూసుకొనే పేజీ, ఆఫీసు వారి కోసం. ఫారానికి ఆ నిబంధన లేదు.

పోర్ట్ ఫార్వార్డింగ్ మొదట ప్రయత్నించాము, ఎంతకూ పనిచేయలేదు. రౌటర్ తనకు బయటి వైపున్న చిరునామా 100.72తో మొదలవుతున్నట్టు చూపించింది. అప్పుడు తెలిసినవారు ఒకరు క్లౌడ్‌ఫ్లేర్ టనెల్ (బయటి అభ్యర్థనలను క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ సర్వర్ల గుండా మన యంత్రానికి తెచ్చే ప్రోగ్రాం) పెట్టిచ్చారు. అప్పటి నుంచి డొమైన్ పేరుతో బయటి వారికి పేజీ తెరుచుకుంటోంది. ఆఫీసులో మాత్రం 192.168.1.20 అని నేరుగా కొట్టి చూస్తాము.

ప్యాకెట్ బాటసారి:
ఇప్పుడు బొమ్మ కొంత స్పష్టమైంది. మీ పోర్ట్ ఫార్వార్డింగ్ పనిచేయకపోవడానికి కారణం ఆ 100.72. 100.64.0.0 నుంచి 100.127.255.255 వరకు ఉన్న చిరునామాల బ్లాకును 2012లో సర్వీసు సంస్థల లోపలి వాడకానికని ప్రత్యేకించారు. ఆ బ్లాకులోని చిరునామా మీ రౌటర్‌కు వచ్చిందంటే, మీకూ మీ వీధిలోని మరెందరికో కలిపి బయట ఒకటే నిజమైన ఐపీవీ4 (పాత పద్ధతి, నాలుగు సంఖ్యల) చిరునామా ఉంది. ఆ చిరునామా ఉన్న సర్వీసు సంస్థ పెట్టె మీ చేతిలో లేదు, కాబట్టి మీ రౌటర్‌లో ఏ పోర్టు తెరిచినా ప్రయోజనం లేదు. టనెల్ లోపలి నుంచి బయటికి కనెక్షన్ తీసుకువెళ్తుంది కనుక ఆ ఇబ్బంది దానికి ఉండదు. ఆ నిర్ణయం సరైనదే.

అయితే ఒక సంగతి గమనించండి. ఆఫీసులో మీరు పరీక్షిస్తున్న దారి, తల్లిదండ్రులు వస్తున్న దారి ఒకటి కావు. మీరు డొమైన్ పేరునూ క్లౌడ్‌ఫ్లేర్‌నూ టనెల్‌నూ తాకకుండా నేరుగా అపాచీ దగ్గరికి వెళ్తున్నారు. కాబట్టి ఆఫీసులో పనిచేస్తోంది అన్న మాటకు ఈ సమస్యలో పెద్దగా విలువ లేదు. ఇకపై మీరు కూడా డొమైన్ పేరుతోనే పరీక్షించండి. ఆ డొమైన్ ఇక్కడ ఇస్తే మేమూ చూస్తాము.

డల్లాస్ దారి:
డొమైన్ ప్రైవేటుగా పంపారు, కృతజ్ఞతలు. డల్లాస్ నుంచి ప్రయత్నించాను. ఇంట్లోని ల్యాప్‌టాప్ నుంచి ‘పరీక్ష ఒకటి’ అనే పేరుతో పంపితే నమోదైంది! ఫోన్లో వైఫై ఆపి, టీ-మొబైల్ డేటా మీద అవే వివరాలు పంపితే 500 వచ్చింది. కాబట్టి బయటి వారందరికీ విఫలం కావడం లేదు.

అక్షర దోషం:
ల్యాప్‌టాప్‌లో పనిచేసి ఫోన్లో పనిచేయకపోతే నాకు మొదట అనుమానం వచ్చేది తెలుగు అక్షరాల మీద. పాత డేటాబేసుల పట్టికలు తరచుగా లాటిన్1 అనే, తెలుగు పట్టని అక్షర పద్ధతిలో ఉంటాయి. ఫోన్లో తెలుగు కీబోర్డు సులభం కనుక తల్లిదండ్రులు పేర్లు తెలుగులో కొడతారు, ఆఫీసులో ఇంగ్లీషులో కొడతారు. తెలుగు అక్షరాలు ఆ పట్టికలో పట్టక మైఎస్‌క్యూఎల్ దోషం ఇస్తుంది. పట్టికను అన్ని భాషల అక్షరాలూ పట్టే యూటీఎఫ్8ఎంబీ4లోకి మార్చి చూడండి.

డల్లాస్ దారి:
అక్షర దోషం గారూ, మంచి ఊహే కానీ ఇక్కడ సరిపోదు. నేను రెండుసార్లూ ఒకే విధంగా ఇంగ్లీషు అక్షరాలే కొట్టాను. పైగా ఇప్పుడే అదే ఫోన్‌ను ఇంటి వైఫైలో పెట్టి పంపాను, నమోదైంది. యంత్రం అదే, బ్రౌజర్ అదే, వివరాలు అవే. మారింది నెట్‌వర్క్ ఒక్కటే.

రాత్రి డ్యూటీ:
అలాగైతే తేడా చిరునామాలో ఉంది. మీ ఇంటి బ్రాడ్‌బ్యాండ్ ఐపీవీ4 మాత్రమే ఇస్తూ ఉండాలి. టీ-మొబైల్ ఫోన్లకు ఐపీవీ6, అంటే కొత్త పద్ధతిలోని పొడవైన చిరునామా, ఇస్తుంది. మన దగ్గర జియో కూడా అంతే. క్లౌడ్‌ఫ్లేర్ ముందు నిలబడితే, మీ సర్వర్‌కు ఐపీవీ6 లేకపోయినా, డొమైన్‌కు ఐపీవీ6 చిరునామాను తానే ప్రకటిస్తుంది; అది అక్కడ డిఫాల్ట్‌గానే ఉంటుంది. కాబట్టి ఫోన్ల వారు ఐపీవీ6 మీద వస్తున్నారు. బీరువా గారూ, లాగ్ ఏమంటోంది?

పుస్తకాల బీరువా:
లాగ్ దొరికింది. డల్లాస్ దారి గారు ఫోన్ నుంచి పంపిన సమయానికి యాక్సెస్ లాగ్‌లో పోస్ట్ అభ్యర్థన (ఫారం పంపినప్పుడు వెళ్ళేది), 500 అని ఉంది. విచిత్రం ఏమిటంటే ఆ పంక్తి మొదట్లో చిరునామా 127.0.0.1 అని ఉంది, ల్యాప్‌టాప్ నుంచి వచ్చిన పంక్తిలోనూ అదే ఉంది. ఎర్రర్ లాగ్‌లో అదే క్షణానికి ‘ఫేటల్ ఎర్రర్, అన్‌కాట్ మైఎస్‌క్యూఎల్‌ఐ ఎక్సెప్షన్, డేటా టూ లాంగ్ ఫర్ కాలమ్ ఐపీ’ అని ఉంది. పట్టికలో ఐపీ అనే కాలమ్ వార్‌చార్ 15, అంటే 15 అక్షరాలే పడతాయి. స్క్రిప్టులో ‘అసలు ఐపీ తెచ్చే ఫంక్షన్’ అని ఒకటి ఉంది. అది మొదట క్లయింట్ ఐపీ అనే హెడర్ (అభ్యర్థనతో పాటు వచ్చే సమాచారపు పంక్తి) ఉందేమో చూస్తుంది, లేకపోతే ఎక్స్ ఫార్వార్డెడ్ ఫర్ చూస్తుంది, అదీ లేకపోతే రిమోట్ అడ్రస్ తీసుకుంటుంది. పట్టికలోకి వెళ్ళేది అదే.

ప్యాకెట్ బాటసారి:
జాడ దొరికింది. ఐపీవీ4 చిరునామా ఎంత పొడవుగా రాసినా నాలుగు సంఖ్యలు, ఒక్కొక్కటి మూడు అంకెలు, మధ్యలో మూడు చుక్కలు, మొత్తం 15 అక్షరాలు. ఆ స్క్రిప్టు రాసిన కాలంలో 15 అనేది లెక్క వేసి పెట్టిన కొలతే, నిర్లక్ష్యం కాదు. ఐపీవీ6 చిరునామా పూర్తిగా రాస్తే నాలుగేసి అక్షరాల ఎనిమిది గుంపులు, మధ్యలో ఏడు కోలన్లు, మొత్తం 39. ఫోన్ల చిరునామాలు చాలావరకు ఇలా పొడవుగానే ఉంటాయి. అది 15 గళ్ళలో ఇమడదు.

పాత హోస్టింగులో ఇన్నాళ్ళూ ఎలా గడిచిందన్న ప్రశ్నకు రెండు ముక్కల జవాబు ఉంది. మైఎస్‌క్యూఎల్ 5.7 నుంచి స్ట్రిక్ట్ మోడ్ డిఫాల్ట్ అయింది. అది లేని చోట, పొడవైన విలువ వస్తే కత్తిరించి లోపల పెట్టుకొని ఒక హెచ్చరిక మాత్రం ఇస్తుంది. ఆ హెచ్చరికను ఎవరూ చూడరు. స్ట్రిక్ట్ మోడ్‌లో ఆ వరుసనే తిరస్కరిస్తుంది. రెండవది పీహెచ్‌పీ వైపు. 2021 చివరలో వచ్చిన పీహెచ్‌పీ 8.1 నుంచి మైఎస్‌క్యూఎల్‌ఐ (పీహెచ్‌పీ నుంచి డేటాబేసుతో మాట్లాడే భాగం) దోషం వస్తే ఎక్సెప్షన్, అంటే పట్టుకోకపోతే స్క్రిప్టును ఆపేసే సంకేతం, విసరడం డిఫాల్ట్ అయింది. అంతకు ముందు క్వెరీ విఫలమైతే ‘ఫాల్స్’ అని మాత్రమే తిరిగి వచ్చేది, స్క్రిప్టు దాన్ని చూడకపోతే ముందుకు సాగిపోయేది. ఉబుంటు 22.04లో ఉన్నవి పీహెచ్‌పీ 8.1, మైఎస్‌క్యూఎల్ 8.0. రెండు కొత్త కట్టుబాట్లూ ఒకేసారి మీ పాత స్క్రిప్టు నెత్తిన పడ్డాయి.

పాత పట్టికలో వరుసలు ఉన్నాయి కదా, ఐపీ కాలమ్‌లో కోలన్లున్న విలువలు ఏవైనా ఉన్నాయేమో చూడండి.

పుస్తకాల బీరువా:
ఉన్నాయండీ. గత కొన్నేళ్ళ వరుసల్లో 2409:40తో మొదలై, మూడవ గుంపు తరువాతి కోలన్ దగ్గర తెగిపోయినవి చాలా కనిపిస్తున్నాయి. సరిగ్గా 15 అక్షరాలు.

రాత్రి డ్యూటీ:
2409:40 అంటే జియో ఫోన్ల నుంచి వచ్చినవి. అంటే పాత హోస్టింగు కత్తిరించి సర్దుకుపోయింది, కొత్త సర్వర్ ఒప్పుకోవడం లేదు.

కృష్ణా తరంగం:
శిబిరం దగ్గరపడుతున్నట్టుంది కనుక తక్షణ ఉపశమనానికి రెండు దారులున్నాయి. మైఎస్‌క్యూఎల్ అమరికలో స్ట్రిక్ట్ మోడ్ తీసేస్తే పాతకాలంలాగే నడుస్తుంది. లేదా క్లౌడ్‌ఫ్లేర్ డాష్‌బోర్డులో ‘సూడో ఐపీవీ4’ అనే మీట ఉంది. దాన్ని ‘హెడర్లను మార్చు’ అన్న స్థితిలో పెడితే, ఐపీవీ6తో వచ్చినవారికి 240 నుంచి 255 లోపు మొదలయ్యే ఒక ఉత్తుత్తి ఐపీవీ4 చిరునామాను అంటించి పంపుతుంది. స్క్రిప్టును ముట్టుకోనవసరం లేదు.

రాత్రి డ్యూటీ:
రెండూ వద్దు, ముఖ్యంగా మొదటిది. స్ట్రిక్ట్ మోడ్ తీసేస్తే ఐపీ ఒక్కటే కాదు, ఫోన్ నంబరు ముందు ఎవరైనా 91 కలిపి కొడితే చివరి అంకెలు తెగిపోయి లోపలికి చేరతాయి, పిల్లవాడి పేరు సగంలో ఆగిపోతుంది, ఎవరికీ తెలియదు. శిబిరం రోజు ఆ నంబరుకు ఫోన్ చేసినప్పుడు బయటపడుతుంది. ఇప్పుడు వస్తున్న 500 కనీసం నిజం చెబుతోంది.

సూడో ఐపీవీ4 మార్చలేని పాత సాఫ్ట్‌వేర్ కోసం పెట్టినది. ఇక్కడ మార్చవలసినది ఒక్క కాలమ్. వార్‌చార్ 15ను 45 చేయండి. 39 చాలదా అంటే, ఐపీవీ4 చిరునామాను ఐపీవీ6 తొడుగులో పెట్టి రాసే పద్ధతి ఒకటుంది, దాని పూర్తి పొడవు 45. ఆల్టర్ టేబుల్ ఒక్క పంక్తిలో అయిపోతుంది. యూటీఎఫ్8ఎంబీ4లో 45 అక్షరాలకు గరిష్ఠంగా 180 బైట్లే కనుక, 255 దాటదు కనుక, పట్టికను మళ్ళీ కట్టే పని కూడా ఉండదు. లక్షల వరుసలున్నా క్షణంలో పూర్తవుతుంది.

కృష్ణా తరంగం:
ఫోన్ నంబర్ల సంగతి ఆలోచించలేదు. స్ట్రిక్ట్ మోడ్ విషయంలో మీరన్నదే సరి. సూడో ఐపీవీ4 మాత్రం ఒక్కరోజు గడవడానికి తప్పు లేదని ఇప్పటికీ అంటాను.

పుస్తకాల బీరువా:
కాలమ్ 45 చేశాను. నా జియో ఫోన్ నుంచి డొమైన్ పేరుతో పంపితే నమోదైంది. డల్లాస్ దారి గారూ, వీలైతే మీరూ మరోసారి చూడగలరా?

డల్లాస్ దారి:
ఫోన్ డేటా మీద నమోదైంది. అభినందనలు.

ప్యాకెట్ బాటసారి:
అందరూ లేచేలోపు ఒక మాట. ఇంతకు ముందు రెండు విషయాలు చెప్పారు, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు నిద్ర పట్టదు. యాక్సెస్ లాగ్‌లో అందరి చిరునామా 127.0.0.1 అని పడుతోందన్నారు. నమోదైన వారి జాబితా ఉన్న ఫోల్డర్‌కు కాపలా రిక్వైర్ లోకల్ అన్నారు.

టనెల్ ప్రోగ్రాం మీ యంత్రంలోనే నడుస్తుంది. బయటి నుంచి వచ్చిన ప్రతి అభ్యర్థననూ అదే తీసుకొని, అదే యంత్రం లోపలి నుంచి అపాచీకి అందిస్తుంది. అపాచీ దృష్టిలో డల్లాస్ నుంచి వచ్చినవారూ, మీ వీధి చివరి వారూ, అందరూ ఆ యంత్రం ముందు కూర్చున్నవారే. రిక్వైర్ లోకల్ పరిశీలించేది ఆ చిరునామానే. తాళం ఉంది కానీ తాళంచెవి అందరి చేతికీ ఇచ్చేసినట్టే. వెంటనే ఫోన్ డేటా మీద ఆ జాబితా పేజీ చిరునామా కొట్టి చూడండి.

పుస్తకాల బీరువా:
తెరుచుకుంటోంది. పిల్లల పేర్లు, తరగతి, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు అన్నీ కనిపిస్తున్నాయి. టనెల్ సర్వీసును ప్రస్తుతానికి ఆపేశాను.

ప్యాకెట్ బాటసారి:
మంచి పని చేశారు. తీగ లాగితే డొంక కదిలింది. ఇప్పుడు ఈ వరుసలో సాగండి. ముందుగా ఆ ఫోల్డర్‌కు చిరునామా కాపలా తీసేసి, యూజర్ పేరు, పాస్‌వర్డు పెట్టండి. అపాచీలోనే బేసిక్ అథెంటికేషన్ ఉంది, డొమైన్ హెచ్‌టీటీపీఎస్ మీద ఉంది కనుక దానికి అభ్యంతరం లేదు. అదే సర్వర్‌లో డేటాబేసును నిర్వహించే పీహెచ్‌పీ మైఅడ్మిన్ వంటివి ఏవైనా ఉంటే వాటిని టనెల్‌కు అందని వేరే పోర్టుకు మార్చండి. టనెల్ ఒక్క పోర్టుకే అభ్యర్థనలు అందిస్తుంది కదా.

తరువాత మాడ్ రిమోట్‌ఐపీ అనే అపాచీ మాడ్యూలును వాడుకలోకి తెచ్చి, అసలు చిరునామా ‘సీఎఫ్ కనెక్టింగ్ ఐపీ’ అనే హెడర్‌లో ఉందనీ, ఆ హెడర్‌ను 127.0.0.1 నుంచీ, దాని ఐపీవీ6 జోడి అయిన ::1 నుంచీ వచ్చినప్పుడు మాత్రమే నమ్మమనీ చెప్పండి. టనెల్ అమరికలో గమ్యం లోకల్‌హోస్ట్ అని రాసి ఉంటే అది ఆ రెండింటిలో దేని మీదనైనా రావచ్చు, అందుకే రెండూ రాయాలి. దీనితో అపాచీకీ పీహెచ్‌పీకీ కూడా రిమోట్ అడ్రస్ అంటే నిజమైన సందర్శకుడి చిరునామా అవుతుంది. లాగ్ ఫార్మాట్ పంక్తిలో శాతం గుర్తు పక్కన ‘హెచ్’ ఉన్న చోట ‘ఏ’ అని మార్చండి, అప్పుడు లాగ్‌లో కూడా అసలు చిరునామా పడుతుంది.

ఆ తరువాత స్క్రిప్టులోని ‘అసలు ఐపీ తెచ్చే ఫంక్షన్’ను తీసి పారేయండి. ఆ ఫంక్షన్ అక్షరం పొల్లుపోకుండా వేల సైట్లలో కనిపిస్తుంది, ఒకరి నుంచి ఒకరు తెచ్చుకున్నదే. క్లయింట్ ఐపీ అనే హెడర్‌ను సందర్శకుడే రాసి పంపగలడు. అందులో చిరునామాకు బదులు ఒక పేరా రాసి పంపినా మీ స్క్రిప్టు నమ్మి పట్టికలో పెట్టబోతుంది. ఎక్స్ ఫార్వార్డెడ్ ఫర్ కూడా అంతే నమ్మకం. పైగా ఎవరైనా కాలేజీ ప్రాక్సీ వెనక నుంచి వచ్చి, ఆ ప్రాక్సీ ముందే ఆ హెడర్ పెట్టి ఉంటే, క్లౌడ్‌ఫ్లేర్ దానికి కామా పెట్టి మరో చిరునామా చేరుస్తుంది. రెండు ఐపీవీ4 చిరునామాలు కలిసినా దాదాపు ఎప్పుడూ 15 దాటుతాయి. రేపు మూడు చేరితే 45 కూడా దాటవచ్చు, అప్పుడు మళ్ళీ ఇదే 500.

అక్షర దోషం:
ఒక ప్రశ్న. నమోదు ఫారానికి ఐపీ చిరునామా ఎందుకు దాచాలి? ఎవరికి ఉపయోగం?

పుస్తకాల బీరువా:
స్క్రిప్టు చదివితే కారణం కనిపించింది. ఒకే చిరునామా నుంచి రోజుకు మూడుకు మించి నమోదులు రాకుండా ఆపుతుంది. అల్లరి నమోదులు ఆపడానికి పెట్టినట్టున్నారు. మీరు చెప్పిన మార్పులన్నీ చేశాను. పాస్‌వర్డు పెట్టాను, మాడ్యూలు పెట్టాను, ఆ ఫంక్షన్ తీసేశాను, టనెల్ మళ్ళీ నడిపాను. లాగ్‌లో ఇప్పుడు నిజమైన చిరునామాలు పడుతున్నాయి.

అక్షర దోషం:
అయితే రేపటి ఫిర్యాదు ఏమిటో ఇప్పుడే చెప్పగలను: ‘మా అబ్బాయి పేరు ఇంకా రాయలేదు, అప్పుడే మీ పరిమితి దాటింది అంటోంది.’ పైన 100.64 బ్లాకు గురించి అనుకున్నాము కదా. ఒకే సర్వీసు సంస్థ వాడే వీధులన్నీ బయటికి ఒకే ఐపీవీ4 చిరునామాతో కనిపించవచ్చు. ఆ వీధుల్లో మొదటి ముగ్గురు పిల్లల తరువాత నాలుగవ వారికి తలుపు మూసుకుంటుంది. ఒక బడి కంప్యూటర్ గదిలో టీచరు వరుసగా పేర్లు నింపినా అంతే.

రాత్రి డ్యూటీ:
ఐపీవీ6 వైపు దీనికి తలకిందులుగా ఉంటుంది. ఒక ఇంటికో ఫోనుకో సాధారణంగా కనీసం 64 బిట్ల ముందు భాగం మొత్తంగా ఇస్తారు, వెనక 64 బిట్లను పరికరం తానే ఎంచుకొని గోప్యత కోసం అప్పుడప్పుడు మార్చుకుంటుంది. కాబట్టి పూర్తి చిరునామాను లెక్కిస్తే అల్లరి చేసేవాడిని ఆ పరిమితి ఆపలేదు. లెక్కించాలంటే ముందు నాలుగు గుంపులనే లెక్కించాలి. 

నా అభిప్రాయం, ఆ పరిమితిని చిరునామా మీద కాకుండా తల్లిదండ్రుల ఫోన్ నంబరు, పిల్లవాడి పేరు కలిపి ఒక యూనిక్ ఇండెక్సుగా (ఒకే జత రెండుసార్లు చేరకుండా ఆపే ఏర్పాటుగా) పెట్టండి. అల్లరిని ఆపడానికి ఫారంలో ఒక క్యాప్చా చాలు. ఐపీ కాలమ్ అసలు అవసరం లేదు. పిల్లలకు సంబంధించిన పట్టికలో అక్కరలేనిది ఎంత తక్కువ ఉంటే అంత మేలు.

ప్యాకెట్ బాటసారి:
ఇండెక్సు విషయంలో ఏకీభవిస్తాను. అయితే ఇండెక్సు పెట్టినప్పుడు ఒకే పేరు రెండుసార్లు వస్తే మైఎస్‌క్యూఎల్ మళ్ళీ ఎక్సెప్షన్ విసురుతుంది, మళ్ళీ 500 కనిపిస్తుంది. ఆ ఇన్సర్ట్‌ను ట్రై, క్యాచ్ మధ్య పెట్టి, 1062 అనే దోషం వస్తే ‘ఈ పేరు ఇప్పటికే నమోదైంది’ అని తెలుగులో చెప్పండి. మిగిలిన దోషాలను లాగ్‌లో రాసి, సందర్శకుడికి ‘ఫలానా నంబరుకు ఫోన్ చేయండి’ అని చూపండి. దోషాల వివరాలను తెర మీద చూపే డిస్‌ప్లే ఎర్రర్స్ మీటను మాత్రం ఆపే ఉంచండి.

ఆఫీసులో కూర్చొనే బయటివారిలా పరీక్షించడానికి ఒక ఉపాయం ఉంది. సర్వర్ టెర్మినల్‌లో కర్ల్ ఆదేశంతో లోకల్‌హోస్ట్‌కు ఫారం వివరాలు పంపుతూ, సీఎఫ్ కనెక్టింగ్ ఐపీ హెడర్‌లో పూర్తి పొడవున్న ఐపీవీ6 చిరునామా ఒకటి పెట్టండి. 127.0.0.1ను నమ్మమని చెప్పాము కనుక అపాచీ దాన్నే అసలు చిరునామాగా తీసుకుంటుంది. హెడర్ పెట్టకుండా ఐపీవీ6 మీద పంపితే మాత్రం పరీక్ష దండగ. అప్పుడు చిరునామా ::1 అవుతుంది, మూడే అక్షరాలు, పాత 15 గళ్ళలో కూడా హాయిగా ఇమిడేది.

పుస్తకాల బీరువా:
ఐపీ కాలమ్ తీసేసి, ఇండెక్సు పెట్టి, ట్రై, క్యాచ్ చేర్చాను. కర్ల్‌తోనూ రెండు కంపెనీల సిమ్‌లతోనూ చూశాను, అన్నీ నమోదయ్యాయి. ఒకే పేరు మళ్ళీ పంపితే మీరు చెప్పిన మాట వస్తోంది.

చివరగా ఒక సందేహం. 500 వచ్చినవారు ఏ వివరాలు పంపారో లాగ్ నుంచి తీయడం సాధ్యమేనా? వారికి మేమే ఫోన్ చేసి చెప్పాలని ఉంది.

రాత్రి డ్యూటీ:
సాధ్యం కాదు. పోస్ట్‌తో వచ్చిన వివరాలను యాక్సెస్ లాగ్ రాయదు; సమయం, పేజీ పేరు, 500 వంటివి మాత్రమే ఉంటాయి. ఎర్రర్ లాగ్‌లోనూ ఉబుంటు డిఫాల్ట్ అమరిక ఫంక్షన్లకు అందిన విలువలను రాయకుండా ఆపుతుంది. ఆ పంక్తులను లెక్కపెడితే ఎన్నిసార్లు విఫలమైందో తెలుస్తుంది, అందులో ఒకరే పదిసార్లు నొక్కినవీ ఉంటాయి. ఫారం పైన ‘ఇంతకు ముందు దోషం కనిపించినవారు దయచేసి మళ్ళీ పంపండి’ అని ఒక పంక్తి పెట్టండి, బడుల వాట్సాప్ గ్రూపుల్లో కూడా అదే పంపండి. ఫోన్ చేసి ఫిర్యాదు చేసినవారి నంబర్లు ఆఫీసు ఫోన్‌లో ఉంటాయి కదా, ముందు వారికి చెప్పండి.

పుస్తకాల బీరువా:
ఆఫీసు ఫోన్‌లోని నంబర్లు రాసుకుంటున్నాను. ఫారం పైన పంక్తి పెట్టాను. అందరికీ కృతజ్ఞతలు.